రేడియోధార్మిక వ్యర్థాన్ని నిక్షేప కేంద్రం తిప్పి పంపకుండా సిద్ధం చేయడం ఎలా: గుంటూరు, విజయవాడ ఆసుపత్రులకూ పరిశ్రమలకూ

గుంటూరు, విజయవాడ పరిసరాల్లో రేడియోధార్మిక పదార్థాలు మనం అనుకునేదానికంటే ఎక్కువ చోట్లే ఉన్నాయి. క్యాన్సర్ ఆసుపత్రిలోని బ్రాకీథెరపీ యంత్రంలో, అంటే కణితి లోపలో పక్కనో ధార్మిక పదార్థాన్ని ఉంచి చికిత్స చేసే యంత్రంలో, ఇరిడియం-192 ఉంటుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నీషియం-99ఎం, అయోడిన్-131, లుటీషియం-177 వాడతారు. పైపుల వెల్డింగు అతుకులను పరీక్షించే రేడియోగ్రఫీ కెమెరాలో ఉండేదీ ఇరిడియమే. సిమెంటు కర్మాగారాల తొట్లలో సరుకు ఎంత ఎత్తుకు చేరిందో చూపే గేజీల్లో సీజియం-137 ఉంటుంది. పాత కళాశాలల రసాయనశాల బీరువాల్లో యురనైల్ ఎసిటేట్, థోరియం నైట్రేట్ సీసాలు ఏళ్ల తరబడి పడి ఉండవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ ఎప్పుడో ఒకప్పుడు పనికిరానిదవుతుంది. దాన్ని నగరపాలక సంస్థ చెత్త బండికి ఇవ్వలేరు, బయోమెడికల్ వ్యర్థాల ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపలేరు, ఆటోనగర్ పాత ఇనుము దుకాణానికి అసలే అమ్మకూడదు.

ఈ వ్యాసం మీ సంస్థలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా, అంటే ఆర్‌ఎస్‌ఓగా ఉన్నవారి కోసం, వారితో పనిచేసే టెక్నీషియన్ల కోసం, స్టోర్సు సిబ్బంది కోసం. వ్యర్థం నేలలోపలికి వెళ్లే అర్హత పొందుతుందా లేదా అన్నది, దాన్ని శాశ్వతంగా ఉంచే నిక్షేప కేంద్రం గేటు దగ్గర తేలే విషయం కాదు. అది మీ గదిలోని చెత్తబుట్ట దగ్గరే, సంచిలో మొదటి వస్తువు పడిన క్షణానే చాలావరకు తేలిపోతుంది. అందుకే కింది వివరణలో రవాణాకంటే చెత్తబుట్టకే ఎక్కువ చోటు ఇచ్చాను.

స్వీకరించేవారు ఏమి చూస్తారో ముందుగా తెలుసుకోండి

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2011లో వెలువరించిన రేడియోధార్మిక వ్యర్థ నిక్షేపణ ప్రమాణాలలో ఇరవయ్యవది పూర్తిగా స్వీకరణకు సంబంధించినది. లోపలికి తీసుకునే ప్రతి పొట్లమూ ఆ కేంద్రపు భద్రతా నిరూపణ నుండి పుట్టిన షరతులకు లోబడి ఉండాలని, ఆ నిరూపణ కేంద్రం నడిచే కాలానికీ మూసివేసిన తరువాతి కాలానికీ వర్తించాలని అది చెబుతుంది. షరతులు గుమాస్తాల పట్టింపులు కావని దీని అర్థం. ఈ రాయి, ఈ మట్టి, ఈ కాంక్రీటు ఇంత ధార్మికతను ఇన్నేళ్లపాటు పట్టి ఉంచగలవని లెక్కకట్టి, ఆ లెక్కలో ఇమిడేదాన్ని మాత్రమే లోపలికి రానిస్తారు.

లోతు మారితే షరతులూ మారతాయి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని విప్ కేంద్రం 1999లో మొదలైంది. అక్కడ ఉప్పు పొరలో 655 మీటర్ల లోతున రక్షణ రంగపు ప్లుటోనియం వ్యర్థాలను ఉంచుతారు. స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ వద్ద 1988 నుండి నడుస్తున్న కేంద్రంలో తక్కువ ఆయువుగల వ్యర్థాలను సముద్రం అడుగున రాతిలో తొలిచిన గుహల్లో పెడుతున్నారు. మన దేశంలో అలాంటి లోతైన నిక్షేప కేంద్రం ఇంకా లేదు. ఉన్నవి నేల పైపొరల్లో కట్టినవి. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కం వంటి చోట్ల రాతి కట్టుబడి కందకాలు, ఉక్కు కాంక్రీటు కందకాలు, బావి వంటి నిలువు గొట్టాలు ఉన్నాయి. మన పద్ధతిలో బీటా, గామా ఘనవ్యర్థాన్ని పొట్లం ఉపరితలం దగ్గర కొలిచిన రేడియేషన్ మోతాదును బట్టి విభజిస్తారు. గంటకు 2 మిల్లీగ్రే లోపు ఉంటే మొదటి తరగతి, 2 నుండి 20 వరకు రెండవది, 20 దాటితే మూడవది. ఆల్ఫా కిరణాలు వెలువరించే వ్యర్థం వేరే తరగతి. తరగతి పెరిగేకొద్దీ కందకం నుండి కాంక్రీటుకు, కాంక్రీటు నుండి గొట్టానికి మారుతుంది.

లోతు ఎంతైనా, దేశం ఏదైనా, అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒకటే. లోపల ఏయే ఐసోటోపులు ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంత? ద్రవం ఉందా? వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుందా? మండుతుందా, పేలుతుందా, తుప్పు పట్టిస్తుందా? కుళ్లే పదార్థం, రోగకారకం ఉందా? పాత్ర ఎంతకాలం నిలుస్తుంది? ఇవన్నీ ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచారు? గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీలో చేయి పెట్టి గుప్పెడు కాయలు బయటికి తీసి, రంగూ తేమా చూసి ధర చెబుతాడు. ఇక్కడ ఆ అవకాశం ఎవరికీ లేదు. డ్రమ్మును తెరవడమే ఒక ప్రమాదం. కాబట్టి మీ కాగితం చెప్పినదే లోపలి సరుకు. కాగితం లేని డ్రమ్ములో చేతి తొడుగులే ఉన్నా దాన్ని అనుమానంతోనే చూస్తారు, అలా చూడటం న్యాయమే.

జర్మనీలోని ఆస్సే ఉప్పు గనిలో 1967 నుండి 1978 వరకు సుమారు 1,26,000 డ్రమ్ములు దించారు. తరువాత 1988 నుండి ఆ గనిలోకి ఉప్పునీరు ఊరుతోంది. వాటన్నిటినీ తిరిగి పైకి తీయాలని 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఏ డ్రమ్ములో ఏముందో సరిగా తెలియకుండా అలాంటి పనికి దిగడం ఎంత కష్టమో మీరే ఊహించవచ్చు.

మన ఆవరణలోనే పాతిపెడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఇక్కడే జవాబు చెప్పి ముందుకు వెళతాను. మొదటి కారణం చట్టం. అధికారిక అనుమతి లేకుండా ఎవరూ రేడియోధార్మిక వ్యర్థాన్ని విసర్జించకూడదని 1987 నాటి సురక్షిత విసర్జన నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. రెండవ కారణం నేల. కృష్ణా డెల్టాలో చాలాచోట్ల భూగర్భజలం పైపైనే ఉంటుంది; కాలువలకు నీరు వదిలిన కాలంలో ఇంకా పైకి వస్తుంది. గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. అలా ఉబ్బి బీటలు వారే నేలలో కాంక్రీటు పెట్టె నిశ్చలంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. విచిత్రమేమిటంటే నల్లరేగడికి ఆ ఉబ్బే గుణాన్ని ఇచ్చే మాంట్‌మోరిల్లనైట్ ఖనిజమే, శుద్ధమైన బెంటొనైట్ బంకమట్టి రూపంలో, ఫిన్లాండ్‌లోని ఓంకాలో నిక్షేపంలో రాగి పాత్రల చుట్టూ కవచంగా పనికివస్తుంది. అక్కడ నాలుగు వందల మీటర్లకు పైగా లోతున తేమ, ఒత్తిడి మారకుండా ఉంటాయి కాబట్టి అది నీటిని అడ్డుకుంటుంది. మన చేలల్లో ఏటా తడిసి ఎండుతుంది కాబట్టి బీటల దారిన నీటిని లోపలికి పంపుతుంది.

వేరుచేయడం: అసలు పని ఇక్కడే ఉంది

వ్యర్థాన్ని వేరుచేసేటప్పుడు మొదట చూడవలసినది ధార్మికత ఎంత అన్నది కాదు, అది ఎంతకాలం ఉంటుంది అన్నది. టెక్నీషియం-99ఎం అర్ధాయువు, అంటే దాని ధార్మికత సగానికి తగ్గే కాలం, 6 గంటలు, ఫ్లోరిన్-18ది 110 నిమిషాలు, అయోడిన్-131ది 8 రోజులు. ఇవి మీ గదిలోనే క్షీణించి మామూలు చెత్త అవుతాయి, వీటికి భూగర్భ నిక్షేపంతో పనే లేదు. ఇరిడియం-192 అర్ధాయువు 74 రోజులు, కోబాల్టు-60ది 5.27 సంవత్సరాలు, సీజియం-137ది 30 సంవత్సరాలు, అమెరీషియం-241ది 432 సంవత్సరాలు, రేడియం-226ది 1,600 సంవత్సరాలు. నేల పైపొరల్లో కట్టిన కేంద్రాలను సాధారణంగా 300 సంవత్సరాలు కాపలా కాయాలన్న లెక్కతో రూపొందిస్తారు. సీజియం ఆ కాలంలో పది అర్ధాయువులు గడిచి దాదాపు వెయ్యో వంతుకు తగ్గుతుంది. రేడియంకు ఆ 300 సంవత్సరాలు ఏ మూలకూ చాలవు. ఈ రెండు గుంపుల వస్తువులు ఒకే సంచిలో పడితే, కొన్ని నెలల్లో చెత్త కావలసిన చేతి తొడుగులు కూడా శతాబ్దాల లెక్కలోకి వెళ్లిపోతాయి. నిక్షేప కేంద్రంలో స్థలం అరుదైనది, మీకూ ఖర్చు పెరుగుతుంది.

కాబట్టి ప్రతి ఐసోటోపుకూ వేరే కాలి తొక్కుడు బుట్ట పెట్టండి. కనీసం గంటల ఆయువు, రోజుల ఆయువు, నెలల ఆయువు అని మూడు వరుసలైనా ఉండాలి. సూదులను గుచ్చుకోని గట్టి డబ్బాలో, కుళ్లే వస్తువులను వేరే సంచిలో వేసి ఫ్రీజరులో, గాజు సీసాలను విడిగా ఉంచండి. సంచిలో మొదటి వస్తువు పడిన తేదీ కాదు, చివరి వస్తువు పడి మూతి కట్టిన తేదీనే లెక్కకు తీసుకోండి.

ఇప్పుడు క్షీణత లెక్క. ‘పది అర్ధాయువులు ఆగితే చాలు’ అనే మాట విభాగాల్లో మంత్రంలా చలామణి అవుతోంది. అది ఉజ్జాయింపు మాత్రమే, కొన్నిసార్లు తప్పు కూడా. ఒక ఉదాహరణ చూద్దాం. రెండు కిలోల సంచిలో 100 మెగాబెక్యురెల్, అంటే పది కోట్ల బెక్యురెల్ (ధార్మికతను కొలిచే ప్రమాణం) అయోడిన్-131 ఉందనుకోండి. నియంత్రణ నుండి విడుదల చేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సూచించిన స్థాయి అయోడిన్-131కు గ్రాముకు 10 బెక్యురెల్. అంటే మొత్తం సంచికి 20,000 బెక్యురెల్. పది కోట్ల నుండి ఇరవై వేలకు దిగాలంటే ధార్మికత ఐదువేల వంతుకు తగ్గాలి. పది అర్ధాయువులకు అది 1,024వ వంతు మాత్రమే అవుతుంది. ఐదువేల వంతు కావడానికి పన్నెండున్నరకు కాస్త తక్కువ అర్ధాయువులు, అంటే సుమారు 99 రోజులు పడుతుంది. ఎనభయ్యో రోజున ఆ సంచిని బయట పెట్టినవారు నియమం పాటించామనే అనుకుంటారు. అదే సంచిలో అంతే టెక్నీషియం ఉంటే, దాని విడుదల స్థాయి గ్రాముకు 100 బెక్యురెల్ కాబట్టి, సుమారు 54 గంటలు చాలు. లెక్క చేసినా చివరికి మీకు కట్టుబాటు అయ్యేది మీ అనుమతి పత్రంలో రాసిన విలువే. దాన్ని దగ్గర పెట్టుకుని లెక్క చేయండి. లెక్క పూర్తయ్యాక సంచిని తక్కువ పరిసర ధార్మికత ఉన్న గదిలోకి తెచ్చి, కవచం తీసి, సర్వే మీటరుతో అన్ని వైపులా చూడండి. మామూలు పరిసర స్థాయికి మించి ఏమీ కనబడకపోతే, రేడియేషన్ గుర్తులను చెరిపి లేదా చించివేసి, అప్పుడు మాత్రమే బయోమెడికల్ రంగుల సంచుల వరుసలోకి పంపండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు రేడియోధార్మిక వ్యర్థాలకు వర్తించవు. విడుదలైన క్షణం నుండే అవి మొదలవుతాయి. గుర్తు చెరపకుండా పంపిన ఖాళీ సంచి కూడా శుద్ధి కేంద్రంలో అనవసరమైన భయాన్ని పుట్టిస్తుంది.

లుటీషియం-177 విషయంలో ఒక మెలిక ఉంది. దాని అర్ధాయువు 6.65 రోజులే కాబట్టి రెండు నెలలకు పైబడి ఉంచితే చాలనిపిస్తుంది. అయితే లుటీషియం-176ను రియాక్టరులో నేరుగా వికిరణం చేసి తయారుచేసిన మందులో లుటీషియం-177ఎం అనే మాలిన్యం అతి స్వల్పంగా కలిసి వస్తుంది, దాని అర్ధాయువు 160 రోజులు. ఇటెర్బియం నుండి తయారుచేసిన రకంలో ఈ చిక్కు ఉండదు. సరఫరాదారు ఇచ్చే ధ్రువపత్రంలో తయారీ విధానం ఏదో చూసి, మొదటి రకమైతే ఆ బుట్టను నెలల వరుసలో పెట్టండి.

ద్రవాలు, రసాయనాలు, ఊక

భూమిలోపలికి వెళ్లే పొట్లంలో స్వేచ్ఛగా కదిలే ద్రవం ఉండకూడదన్నది అన్ని కేంద్రాల ఉమ్మడి నియమం. నేల పైపొర నిక్షేపాలకు అమెరికా 1982లో చేసిన నిబంధనల్లో, ఘనవ్యర్థంలో మిగిలే ద్రవం ఎట్టి పరిస్థితిలోనూ పరిమాణంలో ఒక శాతాన్ని మించకూడదని, అట్టపెట్టెల్లో వ్యర్థాన్ని పంపకూడదని, పేలుడు స్వభావమూ గాలి తగిలితే అంటుకునే స్వభావమూ ఉండకూడదని, రోగకారక పదార్థాలను ముందే శుద్ధి చేయాలని స్పష్టంగా ఉంది. విప్ కేంద్రం మరికాస్త ముందుకు వెళ్లి, డ్రమ్ము లోపల నాలుగు లీటర్లకు మించిన మూసిన డబ్బాలను కూడా నిషేధించింది. డ్రమ్ము మూతకు వాయువు బయటికి వెళ్లే వడపోత రంధ్రం ఉండాలంటుంది. ద్రవం ఎందుకంత భయం? పాత్ర చిల్లుపడితే ధార్మికతను మోసుకుని నేలలోకి మొదట దిగేది నీరే, లోపలినుండి పాత్రను తుప్పు పట్టించేదీ నీరే.

మీ దగ్గర ద్రవాన్ని ఎండబెట్టడానికీ, పీల్చించడానికీ వాడే పదార్థం విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 2014 ఫిబ్రవరి 14న విప్ గనిలో ఒక డ్రమ్ము లోపల వేడి పుట్టి, మూత చీలి, ప్లుటోనియం, అమెరీషియం గాలిలోకి వెలువడ్డాయి. లాస్ అలమోస్ నుండి వచ్చిన ఆ డ్రమ్ములో నైట్రేట్ లవణాలు ఉన్నాయి. వాటితో కలపవలసిన పీల్చుడు పదార్థం ఖనిజ జాతిది కాగా, గోధుమతో చేసిన, పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే పొడిని కలిపారు. నైట్రేటు ఆక్సిజన్ ఇచ్చింది, గోధుమ ఇంధనమైంది. ఆ ఒక్క మార్పు వల్ల కేంద్రం దాదాపు మూడేళ్లు మూతబడి, 2017 జనవరిలో గానీ మళ్లీ వ్యర్థాన్ని దించడం మొదలుపెట్టలేదు. ఆ డ్రమ్ము ధార్మికత పరంగా అసాధారణమైనదేమీ కాదు, దాన్ని పాడుచేసింది మామూలు రసాయన శాస్త్రం.

మన ప్రాంతంలో ఈ పొరపాటుకు దారి చాలా దగ్గరలో ఉంది. రైసు మిల్లుల ఊక, కలప అడితీల రంపపు పొట్టు ఉచితంగా దొరుకుతాయి, నీటిని బాగా పీలుస్తాయి. అయినా వాటిని వాడకండి. కళాశాల రసాయనశాలలోని థోరియం నైట్రేటూ యురనైల్ నైట్రేటూ స్వయంగా ఆక్సీకారులు. అవి ఊకతో కలిస్తే అదే గోధుమ పొడి కథ. వర్మిక్యులైటు లేదా బెంటొనైటు వంటి ఖనిజ పదార్థాన్నే కొనండి, ఏ పదార్థం ఎంత కలిపారో పొట్లం కాగితంలో రాయండి. ఉన్న సరుకు అయిపోయి వేరే రకం కొన్నప్పుడు మళ్లీ ఆర్‌ఎస్‌ఓ సంతకం తీసుకోండి. లాస్ అలమోస్‌లో జరిగినది కూడా ఒక విధంగా స్టోర్సు మార్పే.

ఆసుపత్రుల్లో ఇంకొక అలవాటు ఉంది. ఏది ఒలికినా హైపోక్లోరైట్ ద్రావణం పోస్తారు. అయోడిన్-131 ఒలికిన చోట అది పనికిరాదు. ఆక్సీకరణం చెందిన అయోడిన్ ఆవిరిగా మారి మీ ముక్కులోకి, అక్కడి నుండి థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుంది. పీల్చుడు కాగితంతో అద్ది, సబ్బునీటితో తుడిచి, ఆ గుడ్డలను అయోడిన్ బుట్టలో వేయండి. ఈ మాట శుభ్రపరిచే సిబ్బందికి తెలుగులో, బోర్డు మీద, వాళ్లు బకెట్టు పెట్టే చోటనే రాసి ఉంచాలి.

థైరాయిడ్ క్యాన్సర్‌కు అధిక మోతాదు అయోడిన్ తీసుకున్న రోగుల మరుగుదొడ్డి నీరు విడి తొట్టిలోకి వెళ్లి, ఒక తొట్టి నిండాక మూసి, రెండవది నింపుతూ, మొదటిది తగినంత క్షీణించాకే మురుగు కాలువలోకి వదిలే ఏర్పాటు ఉండాలి. డెల్టా నేలలో ఆ తొట్లను భూమిలో కడితే బయటి నీరు లోపలికీ లోపలి నీరు బయటికీ ఊరే ప్రమాదం ఉంది. తొట్టి గోడను చుట్టూ తిరిగి చూడగలిగేలా మరో కాంక్రీటు గది లోపల కట్టించడం మంచిది.

నిల్వ గది

సెల్లారులో పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండటం విజయవాడ వాసులందరూ చూశారు. నీట మునిగిన వ్యర్థ గది నుండి సంచులు తేలి ఎటు వెళతాయో ఎవరు చెప్పగలరు? ఎత్తైన అంతస్తులో, జనం తిరగని మూలన, కడగడానికి వీలైన నున్నని నేలతో, తాళంతో, పొగ హెచ్చరికతో గది ఉండాలి. రేకుల షెడ్డు కూడా తగదు. రోహిణి కార్తెలో రేకుల కింద మూసి ఉంచిన సీసాల్లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లాస్టిక్ సంచుల అతుకులు వదులుతాయి. తలుపు బయట మోతాదు ఎంతో నెలకొకసారి కొలిచి రాయండి.

మూసిన మూలకాలు: తెరవకండి, తగ్గించకండి, అమ్మకండి

లోహపు గొట్టంలో వెల్డు చేసి మూసిన ధార్మిక మూలకాలు (సీల్డ్ సోర్సులు; ఇక్కడ మూలకం అంటే రసాయన మూలకం కాదు, కిరణాలు వెలువరించే ఆ వస్తువు) మీ చేతిలో వ్యర్థంగా మారకూడదు. వాటిని సరఫరాదారుకే తిరిగి పంపడం మన దేశంలో మొదటి మార్గం. కొనేటప్పుడే, వాడకం అయ్యాక తిరిగి పంపుతామని మీ సంస్థ హామీ ఇచ్చి ఉంటుంది. ఆ కాగితాన్ని వెతికి తీయండి. దేశీయంగా సరఫరా అయినవైతే నవీ ముంబయిలోని బ్రిట్‌కు (రేడియేషన్, ఐసోటోపు టెక్నాలజీ బోర్డుకు), విదేశీ మూలకమైతే తయారీదారుకు పంపాలి. అది కుదరనప్పుడు మాత్రమే, అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ అనుమతించిన వ్యర్థ నిర్వహణ కేంద్రానికి పంపాలి. ఈ అభ్యర్థనలన్నీ ఏఈఆర్‌బీ నడిపే ఇ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో చేయాలి.

పాత టెలీథెరపీ యంత్రాన్ని (శరీరం బయటి నుండి కిరణాలు పంపి చికిత్స చేసేదాన్ని) తీసివేసేటప్పుడు కోబాల్టు మూలకం వెళ్లిపోయింది కదా, మిగిలింది ఇనుమే కదా అని తల భాగాన్ని అమ్మేయకండి. కొన్ని యంత్రాల తలలో, కొన్ని రేడియోగ్రఫీ కెమెరాల్లో కవచంగా క్షీణ యురేనియం వాడతారు. అది కూడా లెక్క చెప్పవలసిన పదార్థమే. అలాగే కర్మాగారంలో తొట్టిని విప్పే కాంట్రాక్టరుకు పని అప్పగించే ముందే గేజీ షట్టరును మూసి తాళం వేసి, గేజీని ఊడదీసి, నిల్వ గదికి చేర్చండి. తొట్టితో పాటు గేజీ కూడా పాత ఇనుము లారీ ఎక్కడమే మూలకాలు తప్పిపోవడానికి చాలా మామూలు దారి.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో జరిగినది మీ యాజమాన్యానికి చెప్పండి. ఒక విశ్వవిద్యాలయంలో 1985 నుండి వాడకుండా పడి ఉన్న కోబాల్టు-60 గామా యంత్రాన్ని వేలంలో అమ్మితే, దాన్ని ముక్కలు చేసినవారు రేడియేషన్‌కు గురయ్యారు, ఒకరు మరణించారు. అంతకుముందు 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలివేసిన చికిత్సాలయం నుండి ఎత్తుకుపోయిన మూలకాన్ని పగలగొట్టడం వల్ల నలుగురు చనిపోయారు. ఆ మూలకంలో ఉన్న సీజియం క్లోరైడు సుమారు 93 గ్రాములు. దాన్ని శుభ్రం చేయగా పోగైన వ్యర్థం సుమారు 3,500 ఘనమీటర్లు. నిక్షేప కేంద్రం ఒక చిన్న గొట్టాన్ని తీసుకోవడానికీ, ఇళ్ల గోడలూ మట్టీ తీసుకోవడానికీ మధ్య తేడా అది.

మూలకం కనబడకపోతే వెతుకుదాంలే అని ఆగకుండా వెంటనే ఏఈఆర్‌బీకీ పోలీసులకూ తెలియజేయండి. విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ వంటి దళాలకు రేడియోధార్మిక ప్రమాదాల్లో పనిచేసే శిక్షణ ఉంటుంది. జిల్లా యంత్రాంగం ద్వారా వారి సాయం కోరవచ్చు.

పొట్లం కట్టడం, కొలవడం, పంపడం

వ్యర్థం స్వీకరించే కేంద్రానికి ముందుగా రాసి, వారి షరతుల పత్రం తెప్పించుకున్న తరువాతే డ్రమ్ము కొనండి. డ్రమ్ము కొలతలు, లోపలి పూత, మూత రకం, గరిష్ఠ బరువు వాళ్లే చెబుతారు. మీరు ముందే కొని నింపిన డ్రమ్మును మళ్లీ తెరిచి మార్చడం అంటే సిబ్బందికి రెండోసారి అనవసర మోతాదు ఇవ్వడమే.

పొట్లం ఉపరితలం దగ్గరా, ఒక మీటరు దూరానా మోతాదు కొలవండి. ఒక మీటరు దూరంలో గంటకు వచ్చే మిల్లీసీవర్ట్ విలువను 100తో గుణిస్తే రవాణా సూచిక వస్తుంది. ఉపరితలం దగ్గర గంటకు 0.005 మిల్లీసీవర్ట్ లోపు ఉండి సూచిక సున్నా అయితే పొట్లానికి తెల్ల చీటీ అంటించాలి. ఉపరితలం 0.5 లోపు, సూచిక 1 లోపు అయితే రెండవ తరగతి పసుపు చీటీ. ఉపరితలం 2 లోపు, సూచిక 10 లోపు అయితే మూడవ తరగతి పసుపు చీటీ. బయటి తలాన్ని తడి కాగితంతో తుడిచి కొలిచినప్పుడు బీటా, గామా మాలిన్యం చదరపు సెంటీమీటరుకు 4 బెక్యురెల్‌కు, అధిక హానికరమైన ఆల్ఫా అయితే 0.4కు మించకూడదు. కొలిచే మీటరు క్రమాంకనం (కాలిబ్రేషన్) గడువు ముగిసి ఉంటే ఈ అంకెలన్నీ వృథా. స్వీకరించేవారు మొదట అడిగేది ఆ ధ్రువపత్రమే.

బండి గుంటూరు నుండి 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వైపు వెళ్లినా, విజయవాడ మీదుగా హైదరాబాదు దారి పట్టినా, డ్రైవరు దగ్గర అత్యవసర సూచనల కార్డు ఉండాలి, అది ఆయన చదవగలిగే భాషలో ఉండాలి. ప్రయాణికులను ఎక్కించుకోకూడదు, దారిలో బండి వదిలి వెళ్లకూడదు. మామూలు కాగితపు చీటీ వానకు ఊడిపోతుంది కాబట్టి నీటికి తట్టుకునే చీటీలే వాడండి.

కాగితాలు, అప్పగింత తరువాతి పని

ప్రతి పొట్లానికీ ఒక వరుస సంఖ్య, ఐసోటోపులు, ప్రతిదాని ధార్మికత, ఏ తేదీ నాటి లెక్కో ఆ తేదీ, లోపలి వస్తువుల వివరణ, వాడిన పీల్చుడు పదార్థం, బరువు, రెండు దూరాల మోతాదు, తుడుపు పరీక్ష ఫలితం, వాడిన మీటరు సంఖ్య, కొలిచినవారి సంతకం ఉండాలి. ‘మిశ్రమ వ్యర్థం’ అనీ ‘ఇతరములు’ అనీ రాయకండి. తెలియని సీసా ఉంటే దాన్ని డ్రమ్ములో వేయకుండా పక్కన పెట్టి, గామా వర్ణపటం (ఏ ఐసోటోపు ఉందో గామా కిరణాల శక్తిని బట్టి చెప్పే పరీక్ష) తీయించి, అది ఏదో తేలాకే చేర్చండి. అనుమానపు సీసా ఒక్కటి వంద మంచి సంచుల ప్రయాణాన్ని ఆపుతుంది. ఇంత చేసినా తిరస్కరిస్తే వాదించకండి, ఏ షరతు తప్పిందో లిఖితపూర్వకంగా అడగండి. మీరు సరిదిద్దవలసింది ఆ డ్రమ్మును మాత్రమే కాదు, అది నిండిన బుట్ట దగ్గరి పద్ధతిని కూడా.

రసీదు వచ్చిన రోజునే ఇ-లోరాలోని మీ నిల్వ వివరాలను సవరించి, అనుమతి పత్రంతో, రవాణా కాగితాలతో కలిపి ఆ రసీదును భద్రపరచండి. ఖాళీ అయిన గదిలో గోడలు, నేల, తలుపు గడియ తుడిచి కొలిచిన తరువాతే దాన్ని వేరే పనికి వదలండి. ఆర్‌ఎస్‌ఓ బదిలీ అయినప్పుడు లేదా ఉద్యోగం మానినప్పుడు, రిజిస్టరులోని ప్రతి పద్దునూ పాత ఆర్‌ఎస్‌ఓ, కొత్త ఆర్‌ఎస్‌ఓ కలిసి గదిలో చూసి, మీటరుతో సరిచూసి, ఇద్దరూ అదే పేజీలో సంతకాలు చేసిన తరువాతే తాళాలు చేతులు మారాలి.